కత్తెర మీద పేరు

లిఫ్టు మామ అబద్ధాలాడతాడని నేను అనను. నిజం ఆయన నోట్లోంచి బయటికొచ్చేలోపు కాస్త ఒళ్లు చేస్తుంది, అంతే. ఎత్తైన ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపి రిటైరైన మనిషి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ జనాన్ని పైకి తీసుకెళ్లాడు, కిందికి దించాడు. కథ చెప్పేటప్పుడు మాత్రం పైకి తీసుకెళ్లడమే, దించడం ఉండదు.

ఆ సాయంత్రం టీకొట్టు బల్ల మీద ముగ్గురం కూర్చున్నాం. బస్సు కండక్టరుగా చేసి మానేసిన నేను, ఆసుపత్రి నుంచి రిటైరైన కాంపౌండరు, లిఫ్టు మామ. టీకొట్టాయన స్టవ్ దగ్గర ఉన్నాడు. ఆయన భార్య పోయి ఇంకా ఏడాది కాలేదు. లిఫ్టు మామకి చెల్లెలి వరస, ఇంట్లోనే కిటికీ పక్కన కూర్చుని వీధి వీధంతా వేసుకునే బట్టలు కుట్టిన మనిషి ఆవిడ. ఆవిడ కత్తెర ఇప్పుడు లిఫ్టు మామ సంచిలో ఉంది.

ఎందుకుందంటే, వాళ్లమ్మాయి మర్నాడు పొద్దున్నే బట్టలు కుట్టే కంపెనీలో చేరుతోంది. అమ్మ కత్తెరతోనే పని మొదలుపెడతానని ఆ పిల్ల పట్టు. అయితే అక్కడ సాయంత్రమయ్యేసరికి అందరి కత్తెరలూ ఒకే పెట్టెలో పడేస్తారట. పేరు లేని కత్తెర మర్నాటికి ఎవరి చేతిలో తేలుతుందో చెప్పలేం. అందుకని, మామ కొత్తగా చెక్కుడు పని నేర్చుకున్నాడని విని, దాని మీద అమ్మ పేరు చెక్కిపెట్టమని ఇచ్చింది. ఆ సాయంత్రం వచ్చి పట్టుకెళ్తానంది.

"అయిందా బావా?" అన్నాడు టీకొట్టాయన, సంచి వైపు చూస్తూ.

మామ సంచి తెరవలేదు. గ్లాసు కింద పెట్టి, వీలునామా చదివేవాడిలా మొహం పెట్టాడు. ఆయన నవ్వుతూ కోతలు కొయ్యడు. అదీ ఆయన పద్ధతి.

"అయిందా అంటే ఒక్క ముక్కలో చెప్పే సంగతి కాదు బావా ఇది. మొదట్నుంచీ వినాలి. రిటైరయ్యాక నాకు జబ్బు చేసింది, బొటనవేలి జబ్బు, మంచం మీద పడుకుంటే వేలు దానంతటది గోడని నొక్కేది, అన్నం తింటుంటే కంచాన్ని నొక్కేది, ఓ రోజు మా ఆవిడ భుజం నొక్కి 'ఎన్నో అంతస్తండీ' అని అడిగానట. ఈ వేలికి ఏదైనా పని చెప్తారా, నన్ను పుట్టింటికి పొమ్మంటారా అంది. సరేనని బజారుకెళ్తే, గడియారాల కొట్టు అద్దం వెనకాల ఓ ముసలాయన గడియారం మూత మీద పేరు చెక్కుతున్నాడు. మిషను లేదు, కరెంటు లేదు. పిడికిట్లో ఇమిడే ఉలి, కింద ఇసుక నింపిన తోలు దిండు, కంటికి భూతద్దం. ఇంతే సరంజామా. చూస్తూ నిలబడిపోయాను కండక్టరూ. ఉలి కదలట్లేదు. చెయ్యి ఉన్నచోటే ఉంది, దిండు మీద గడియారమే తిరుగుతోంది. నా ఉద్యోగమూ అంతే కదా, నేను స్టూలు మీద కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే ఉండేవాణ్ణి, అంతస్తులే వచ్చి పోయేవి. ఇది నాకోసం పుట్టిన పని అనుకున్నా."

"ఇంతవరకూ నమ్మొచ్చు," అన్నాడు కాంపౌండరు నా చెవిలో, మందు ఎంత తాగాలో చెప్పేవాడిలా.

"మొదట రాగిరేకు ముక్కల మీద గీతలు గీశాను. మొదటిరోజు ఉలి జారి నా వేలే చెక్కుకున్నా, దాచేదేం లేదు. ఆ తర్వాత చెయ్యి నిలబడింది. గీత ఎంత లోతుగా, ఎంత నున్నగా వచ్చేదంటే, దారిన పోయే చీమ ఒకటి అందులోకి దిగి, ఈ కొస నుంచి ఆ కొసకి తిరుగుతోంది గానీ పైకి రాలేకపోతోంది. రెండు పక్కలా గోడలాయె. మా ఆవిడది జాలిగుండె, అగ్గిపుల్లని నిచ్చెనలా వాల్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చీమ ఎక్కి వచ్చింది. వచ్చి మిగతా చీమలకి చెప్పినట్టుంది, ఆ రోజు నుంచి మా ఇంటి గడప తొక్కిన చీమ లేదు. చక్కెర డబ్బాకి మూత పెట్టడమే మానేశాం."

"మా ఇంటికొచ్చి ఓ గీత గీసి పోరాదూ," అన్నాన్నేను. అనకుండా ఉండాల్సింది. మధ్యలో ఎవరైనా మాట అందిస్తే చాలు, మామ ఇంకో అంతస్తు ఎక్కుతాడు.

"గీతదేముంది కండక్టరూ, చేపని చెక్కాను. ఇత్తడి పళ్లెం నడిమధ్యన, పొలుసు పొలుసుకీ వేరే గీత. పళ్లెంలో నీళ్లు పొయ్యగానే తోక ఆడించింది. నీడలే అనుకున్నా. పక్కింటి పిల్లి అలా అనుకోలేదు. పొద్దస్తమానం పళ్లెం ముందు కూర్చుని పంజా వెయ్యడం, గోరు విరగ్గొట్టుకోవడం, మూలకెళ్లి ఏడవడం. చివరికి చేపే బెదిరిపోయి అంచుకు చేరింది. మీరిప్పుడొచ్చి చూసినా అంచునే ఉంటుంది."

"అంచునే చెక్కి ఉంటావు," అన్నాడు కాంపౌండరు.

మామ నొచ్చుకున్నాడు. "మధ్యలో ఉండాల్సినదాన్ని నేను అంచున పెడతానటయ్యా? అంత తెలివితక్కువ మనిషిలా కనిపిస్తున్నానా నీకు?"

ఆయన అడిగిన తీరుకి కాంపౌండరు లేదు లేదని తలూపాల్సి వచ్చింది.

"ఈ సంగతి ఎవరు చెప్పారో ఏమో, మా పాత ఆఫీసు వాళ్లు కారు పంపించారు. లిఫ్టు తలుపు మీద ఏదన్నా చెక్కిపెట్టమన్నారు. లిఫ్టు తలుపు మీద ఏం చెక్కుతాం? పువ్వులా? ఆలోచించి మెట్లు చెక్కాను, లిఫ్టు ఆగిపోయినప్పుడు చూసేవాళ్లకి ధైర్యంగా ఉంటుందని. మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ, మలుపు దగ్గర చీకటిగా ఉంటుందని ఓ దీపం కూడా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నిజంగానే కరెంటు పోయింది. లెక్కల సెక్షను గుమాస్తా ఒకాయన ఉన్నాడు, ఎప్పుడు చూసినా తొందరే ఆయనకి. గొడుగు చంకలో పెట్టుకుని వచ్చాడు, తలుపు మీది మెట్లెక్కి వెళ్లిపోయాడు."

"ఎక్కడికీ?" అన్నాడు టీకొట్టాయన.

"పైకి. ఇంకా దిగలేదు. ఆఫీసులో ఎవరూ గమనించనూ లేదు, హాజరు మాత్రం రోజూ పడుతోందట."

టీకొట్టాయన నవ్వాడు. గరిటె పట్టుకున్న చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వాడు. భార్య పోయాక ఆయన అలా నవ్వడం మేం చూడలేదు. నేనూ కాంపౌండరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ నవ్వు ఆగకూడదని, "ఇంకా చెప్పు మామా, కత్తెర సంగతి చెప్పు," అన్నాం. అడిగింది మేమే.

మామ సంచి మీద చెయ్యి వేశాడు. గొంతు ఇంకా తగ్గించాడు.

"రాగి వేరు, ఇత్తడి వేరు. ఇది ఉక్కు. మా చెల్లెలు ఏళ్ల తరబడి వాడిన ఉక్కు. ఉలి ఆనిస్తే నూనె ఒలికిన నేల మీద కాలేసినట్టు జారిపోయింది. ఇంకొంచెం గట్టిగా నొక్కాను. ఉలి మొన విరిగి కిటికీలోంచి ఎగిరిపోయి, సందు తిరిగి, బడి గంటకి తగిలింది. గంట మోగింది, పిల్లలు ఇళ్లకి పోయారు. మొన్న బడి ముందుగా ఎందుకు వదిలారని మీరంతా ఇక్కడే కూర్చుని అనుకున్నారు చూడండి, అదీ కారణం. ఇక ఇలా కాదని కత్తెరతో మాట్లాడాను. ఆవిడ చేతిలో అంత బుద్ధిగా ఉన్నదానివి, నా దగ్గర ఎందుకే ఈ మంకుపట్టు అని. వింటేనా. అప్పుడు తట్టింది నాకు. పొయ్యి రాజేసి కత్తెరని బొగ్గుల మీద పడుకోబెట్టాను. నిద్రపోయే పసిపిల్లకి విసిరినట్టు విసిరాను. ఎర్రబడింది, ఇంకా ఎర్రబడింది, ఆ వెలుగుకి ఎదురింటివాళ్లు తెల్లారిందనుకుని లేచి పళ్లు తోముకున్నారు. తర్వాత తీసి బూడిదలో పెట్టి నిమ్మళంగా చల్లారనిచ్చా. అంతే, పొగరంతా దిగిపోయింది. వెన్నలో దిగినట్టు దిగింది ఉలి."

"కాల్చావా బావా?" అన్నాడు టీకొట్టాయన. నవ్వు లేదు ఇప్పుడు.

"కాల్చడమంటావేంటి బావా, బుజ్జగించడం అను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పేరు చెక్కడం అయ్యాక ఊరికే గాల్లో ఒకసారి ఆడించాను. గాలి రెండు పాయలై ఒకటి వంటింట్లోకి, ఒకటి వీధిలోకి పోయింది. గిన్నెలోంచి లేచే ఆవిరిని అడ్డంగా కోస్తే పై ముక్క కప్పుకి అంటుకుంది, కింది ముక్క గిన్నెలోనే ఉండిపోయింది. ఆ కత్తెర పొరపాటున నా నీడ మీద పడింది. చూడండి, ఇప్పటికీ నా నీడకి ఎడం చెవి ఉండదు."

సిగ్గు విడిచి చెప్తున్నా, నేనూ కాంపౌండరూ వంగి ఆయన నీడ వైపు చూశాం.

తలెత్తేసరికి అమ్మాయి వచ్చి వాళ్ల నాన్న పక్కన నిలబడి ఉంది. "ఇవ్వండి మామయ్యా," అంది.

మామ సంచిలోంచి మెత్తటి గుడ్డలో చుట్టిన కత్తెర తీసి రెండు చేతులతో ఇచ్చాడు. అమ్మాయి గుడ్డ విప్పింది. ఉన్నమాట చెప్పాలి, పేరు బాగా వచ్చింది. అన్ని కోతల అడుగునా ఇంత పనితనం ఉందని నేను అనుకోలేదు. ఒక్క అక్షరమూ ఒరగలేదు, ఒక్క వంపూ తడబడలేదు. టీకొట్టాయన చెయ్యి తుడుచుకుని ఆ పేరు మీద వేలు పెట్టి, మొదటి అక్షరం నుంచి చివరిదాకా మెల్లగా జరిపాడు.

"ఎంత బాగుందో మామయ్యా," అంది అమ్మాయి.

తర్వాత, బట్టలు కుట్టేవాళ్లందరూ చేసే పనే చేసింది. సంచిలోంచి నూలు పీలిక తీసి, కత్తెర తెరిచి, ఒకసారి కోసి చూసింది.

గుడ్డ తెగలేదు. కత్తెర రెండు అంచుల మధ్య మడతపడి, నలిగి, అలాగే బయటికి వచ్చింది. అమ్మాయి పీలికని సాఫు చేసి మళ్లీ కోసింది. మళ్లీ మడతపడింది.

"గుడ్డ తడిగా ఉందేమోనమ్మా," అన్నాడు మామ.

"పొడిదే మామయ్యా."

"కొత్త గుడ్డ మొండిగా ఉంటుంది."

"పాతదే. అమ్మ ఎప్పుడో మిగిల్చిన ముక్క." ఇంకోసారి ప్రయత్నించి, కత్తెర మూసి పట్టుకుంది. "అమ్మ కత్తెర గుడ్డని ఎప్పుడూ నమల్లేదు."

టీకొట్టాయన స్టవ్ ఆపేశాడు. "ఎర్రగా కాలిస్తే ఉక్కు మెత్తబడిపోతుంది బావా. ఇక దానికి పదును నిలవదు. మీ చెల్లెలు దీన్ని పొయ్యి దగ్గరికే రానిచ్చేది కాదు." కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

మామ నోరు తెరిచాడు. ఇంకో అంతస్తు ఎక్కుతాడని చూశాం. ఎక్కలేదు.

"నాకు తెలీదమ్మా," అన్నాడు. "పేరు బాగా రావాలనే చూశాను."

"వచ్చింది మామయ్యా," అంది అమ్మాయి. కత్తెరని మళ్లీ అదే గుడ్డలో, అక్షరాల వైపు లోపలికి పెట్టి చుట్టింది.

"రేపటికి ఎలాగమ్మా?" అన్నాడు కాంపౌండరు.

"అక్కడ ఏదిస్తే దాంతో కోస్తాను." మూట సంచిలో పెట్టుకుంది. లిఫ్టు మామ మొహం చూసి ఆయన్ని ఓదార్చాలనిపించిందేమో, ఆయన పక్కకి వచ్చి మెల్లగా అంది. "మీరేం బాధపడకండి. పోతుందని కదా పేరు చెక్కమన్నాను. ఇప్పుడు పెట్టెలో పడేసినా దీన్ని ఎవరూ పట్టుకుపోరు."