నంబర్ వన్ కాకూడని పాట

డిసెంబరు ఎండకి ఆస్ట్రేలియాలో, మెల్‌బోర్న్ శివారు ట్రుగనీనాలో ఆ ఇంటి గరాజ్ పెనంలా కాలుతోంది. యూనివర్సిటీకి సెలవులిచ్చినా అన్న లాప్‌టాప్ వదల్లేదు. చెల్లెలు గిటార్ తెచ్చి అతని ఒళ్లో పెట్టింది.

“తర్వాత వాయిస్తాలేవే. మన ఫేస్‌బుక్ పేజీలో నాలుగు వేలమంది చేరారు. అందరూ ఈ వారమే మనం ఎంచుకున్న పాత రాక్ పాట ఆన్‌లైన్లో కొన్నారంటే, టీవీ పోటీలో గెలిచినవాడి పాట క్రిస్మస్‌కి అమ్మకాల్లో నంబర్ వన్ కానే కాదు.”

“ఫైనల్లో నన్ను ఓడించాడనేగా ఈ గోలంతా?”

“నీకోసం కాదు. మంచి సంగీతం బతకాలని.”

“అయితే ఆ పాత పాట రెండో చరణం పాడు.”

అతను గొంతు సవరించుకున్నాడు. మొదటి చరణమే గుర్తుకు రాలేదు.

“అన్నయ్యా, అతను నాకంటే బాగా పాడాడు, గెలిచాడు. ఆ రోజు నాకు జలుబు కూడా లేదు.”

“మరి ఊరుకోమంటావా?”

“ఎందుకు ఊరుకోవడం? శనివారం మన తెలుగువాళ్ల క్రిస్మస్ డిన్నర్‌లో అతని పాటే పాడుతున్నా. ఫైనల్లో నా గొంతుకి అందని పైస్వరాలు ఇప్పుడు అందుతున్నాయి.”

“అదే పాటా! అందరూ పోల్చి చూస్తారే!”

“చూడాలనే. గిటార్ వాయించేది నువ్వేనని, డిన్నర్ ఏర్పాట్లు చూసే సువర్ణకుమారి ఆంటీకి చెప్పేశా.”

“నాకా పాట రాదుగా. నా దగ్గర లేదు కూడా.”

“కొనుక్కో.”

అతను చెల్లెలి వంక చూశాడు. ఆమె నవ్వలేదు.

“మన పేజీలో ఎవరికీ చెప్పకే,” అన్నాడు, బ్యాంకు కార్డు కోసం జేబులు తడుముకుంటూ.