కోడి లేవని కారు, భూషణమ్మ గేరుబాక్సు

భూషణమ్మ ఉండేదంట కొత్తరేవులో. కారు నడిపే భూషణమ్మ. అవును, ఆడమనిషే, నవ్వమాకండి. మొగుడు కోటిలింగానికి పాత మారిసు కారొకటి ఉండేది, బాడుగకి తిప్పేవోడు. బతికుండగానే పెళ్లానికి నేర్పాడంట, చెరువు పక్క బీడులో. ఆయన పోయినాక చుట్టాలందరూ వచ్చి, అమ్మెయ్యి, ఆడదానివి నీకెందుకు ఈ ఇనప సామాను అన్నారు. ఈమె కర్మ అయిన మర్నాడు కొంగు బిగించుకుని, తాళం పెట్టి, బండి బయటికి తీసిందంట. అంతే, ఇంక ఎవరూ అమ్మమనలా. ఆ ఊరికి అప్పట్లో బస్సు పొద్దున ఒకసారి, పొద్దుగూకి ఒకసారి వచ్చిపోయేది. మధ్యలో ఎవరికన్నా నొప్పులొచ్చినా, పాము కరిచినా భూషణమ్మ కారే దిక్కు. రేపల్లె ఆసుపత్రికి తీసుకుపోయేది. దారిలో ఆగలేక ఆ కార్లోనే పుట్టినోళ్లు కూడా ఉన్నారనుకో. నేతపని చేసే వీరరాఘవులు కూతురు శేషకుమారి అట్టాగే ఎనక సీట్లో పుట్టింది, కోటిలింగం నడుపుతుండగా.

ఏమైందంటే, ఆ కారుకి గేరు నిలబడకుండా పోయింది. రెండో గేరు ఎయ్యడం, కాలవ వంతెన ఎక్కేటప్పటికి అది టక్కున ఎగిరి బయటికి రావడం. కారేమో ఎనక్కి జారిపోద్ది. ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో గేరు రాడ్డు అదిమి పట్టుకుని ఎన్నాళ్లు తిప్పిద్ది పాపం? రేపల్లె మెకానిక్కు ఇంటికొచ్చి చూసి, అక్కా, లోపల అరిగిపోయింది, ఇట్టాంటి పాత బండ్ల సామాను ఇప్పుడెవరూ చెయ్యటంలా, బెజవాడ ఆటోనగర్‌లో నాగుల్‌మీరా అని ఒకాయన ఉన్నాడు, పాత గేరుబాక్సులు ఇప్పి మళ్లీ కట్టేది ఆయనొక్కడే అని చెప్పాడు. చెప్పి గేరుబాక్సు దించి ఇచ్చాడు. ఈమె దాన్ని గోతాం సంచిలో పెట్టి, పైన పాత చీర చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని పోయిందంట బెజవాడ. అది తక్కువ బరువా? ఒళ్లంతా నూనె. పక్కనోళ్లు ఛీ ఛీ అంటంటే, మీ బిడ్డల్ని ఒళ్లో పెట్టుకోలా, వాళ్లు మీ ఒళ్లు తడపలా అందంట.

నాగుల్‌మీరా మంచోడే. గెడ్డం నెరిసింది, మాట మెత్తన. చూసి, పెట్టిపోక్కా, వారంలో చేసిస్తా అన్నాడు. వారానికి పోయింది. బేరింగులు రాలేదక్కా అన్నాడు. ఇంకో వారానికి పోయింది. మద్రాసు నించి రావాలక్కా అన్నాడు. ఆ పై వారం పోతే, మా పిన్నమ్మ పోయిందక్కా, కొట్టు తెరవలా అన్నాడు. అయ్యో అనుకుని ఇంటికొచ్చింది. తర్వాత పోతే మళ్లీ పిన్నమ్మ పోయిందన్నాడంట! ఏమయ్యా, నీకు ఎంతమంది పిన్నమ్మలయ్యా, ఉన్నోళ్లనన్నా జాగర్తగా చూసుకో అంది భూషణమ్మ. ఆయన నవ్వలా. తలొంచుకున్నాడు. అక్కడే ఆమెకి అనుమానం తగిలింది. అబద్ధాలాడేవోడు నవ్వుతాడు గదా, ఈయన నవ్వడేంది అని.

ఈలోపల ఊళ్లో శేషకుమారికి నెలలు నిండినయ్. ఆ పిల్లకి తొలిచూలు బిడ్డ దక్కలా. అప్పుడు వాళ్ల అత్తోళ్లూళ్లో ఉంది, ఎడ్లబండి మీద తీసుకుపోయేటప్పటికి ఆలస్యమైపోయింది. అందుకని ఈసారి పుట్టింటికొచ్చింది. వచ్చి, భూషణమ్మ చెయ్యి పట్టుకుని, అత్తా, నేను పుట్టిన కార్లోనే నన్ను తీసుకుపోవాలి, నాకు ఇంకే బండి మీదా ధైర్యం లేదు అంది. ఈమె సరే అంది. సరే అని ఇంటి ముందు చూస్తే కారు పొట్ట ఖాళీగా ఉంది. ఆ పిల్లకి కారు చూపించకుండా తాటాకు దడి అడ్డం కట్టిందంట, చూడండి ఆ తల్లి అవస్థ.

ఇంక ఆగలా. పొద్దున్నే బస్సెక్కి పోయి కొట్టు ముందు టైరు మీద కూర్చుంది. నాగుల్‌మీరా సందు మలుపులో ఈమెని చూసి ఎనక్కి తిరిగాడు. సాయిబూ, పారిపోతే నేను మీ ఇంటికొస్తా, మీ ఆవిడతో మాట్లాడతా అని కేకేసింది. వచ్చాడు. నా గేరుబాక్సు ఒక్కసారి చూపియ్యి. బాగుచెయ్యకపోయినా పర్లేదు, కళ్లతో చూసి పోతా అంది. ఆయన లోపలికి పోయాడు. పోయినోడు రాడే! ఎంతసేపటికీ రాడు. ఈమే లోపలికి పోయి చూసింది. చూస్తే ఆయన గోడకి ఆనుకుని కింద కూర్చుని ఉన్నాడు, ఈమె చుట్టి తెచ్చిన చీరే ఒళ్లో పెట్టుకుని, దాంట్లో గేరుబాక్సు. "అక్కా, ఇరగ్గొట్టా" అన్నాడు. "లోపలి కడ్డీ బిగుసుకుపోయింది. నిదానంగా కాచి తియ్యాల్సింది. ఆ రోజు ఏదో పరాకు, సుత్తితో ఒక్కటేశా. పై పెట్టె చీలింది. పోత ఇనుమక్కా, అతుకు పెట్టి చూశా, నిలవలా."

భూషణమ్మ చతికిలబడి, ఆ చీలిక మీద వేలు పెట్టి చూసింది. కళ్లెంట నీళ్లు. మా ఆయన చేతికింద పాతికేళ్లు తిరిగిన సామానయ్యా ఇది అంది. కొంగుతో మొహం తుడుచుకుని, "మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలా? పిన్నమ్మల్ని చంపుకుంటా కూర్చున్నావు" అంది. ఆయనేమన్నాడో తెలుసా? "నువ్వు దీన్ని సంచిలోంచి తీసినప్పుడు చూశానక్కా. చంటిబిడ్డని ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు పెట్టావు. అట్టా పెట్టిందాన్ని ఇరగ్గొట్టానని ఏ నోటితో చెప్పను? ఇట్టాంటి పెట్టె ఇంకోటి దొరికితే మార్చేసి, అప్పుడు చెబుదామనుకున్నా. గుంటూరు, ఒంగోలు, ఏలూరు, అన్నీ తిరిగా. ఒకడు రంగేసి కొత్తదని చూపించాడు. గోకితే తుప్పు. నీకు అది ఇయ్యబుద్ధి కాలా."

ఆమె కోపం ఎక్కడికి పోయిందో పోయింది. మరి ఇంక ఎక్కడా లేదా అని అడిగింది. ఉంది గాని దొరకదన్నాడు. చందోలు దగ్గర ఒక ముసలావిడ, రమాతిలకం అని, పూర్వం నాటకాలాడేది. ఆవిడ దొడ్లో ఇదే రకం కారు ఇటికల మీద పెట్టి ఉంది. సామాను అడగటానికి పోయిన మెకానిక్కుల్ని చీపురుతో తరిమిందంట. నేను పోతే నన్నూ తరిమిందక్కా అన్నాడు. భూషణమ్మ లేచి, పద, ఇద్దర్నీ తరిమిద్దేమో చూద్దాం అంది.

పోయారు. రమాతిలకం అరుగు మీద కూర్చుని ఉంది. ముసలిదైనా బొట్టు నిండుగా, గొంతు ఖంగుమంటంది. మళ్లీ వచ్చావా సాయిబూ, ఈసారి ఎంట మనిషిని తెచ్చావే అంది. భూషణమ్మ ఏమీ దాచలా. మొగుడి సంగతి, కారు సంగతి, శేషకుమారి సంగతి, ఈయన ఇరగ్గొట్టిన సంగతి, మొత్తం చెప్పింది. రమాతిలకం వింటా వింటా నాగుల్‌మీరా వంక చూసి, ఈ మాట మొన్న నువ్వు చెప్పలేదే, ఊరికే పాత ఇనుం కావాలన్నావు, అందుకే తరిమా అంది. ఆ కారు ఎక్కి మా కంపెనీ ఎన్ని ఊళ్లు తిరిగిందో మీకేం తెలుసు, తూకానికి ఎట్టా ఇస్తాను? తల్లికీ బిడ్డకీ అయితే తీసుకోండి, కాదనను. కానీ ఇప్పుడు కాదు అంది.

ఇప్పుడెందుకు కాదమ్మా అంటే, రండి చూపిస్తా అని దొడ్లోకి తీసుకుపోయింది. కారు తలుపు తీస్తే లోపల, ముందు సీటు కింద, సరిగ్గా గేరు రాడ్డు పక్కన, గుడ్ల మీద కోడి పొదుగుడు కూర్చుంది! ఎర్రకోడి. కళ్లు ఉరిమి చూస్తంది. మామూలుగా గేరుబాక్సు తియ్యాలంటే లోపల్నించి, గేరు రాడ్డు చుట్టూ ఉన్న నేల రేకు ఇప్పాలంట. ఆ రేకు మీదే కోడి. బుట్టలో పెట్టి పక్కకి జరుపుదామమ్మా అంది భూషణమ్మ. జరిపితే ఇంక కూర్చోదు, గుడ్లు మురిగిపోతయ్, పోయినేడు పిల్లలన్నిటినీ కుక్క తినేసింది దీనికి అంది రమాతిలకం. అని, ఈమె మొహంలోకి చూసి, "నువ్వే చెప్పు తల్లీ. ఒక తల్లి కోసం ఇంకో తల్లిని లేపమంటావా?" అంది. భూషణమ్మ కారు తలుపు మెల్లగా దగ్గరికేసింది. మీరైతే ఏమంటారు? నేనూ లేపమనలేను.

అప్పుడు నాగుల్‌మీరా కారు చుట్టూ ఒకసారి తిరిగాడంట. వంగి కిందికి చూశాడు. అమ్మా, కోడి లేవకుండా తీస్తే ఇస్తారా అన్నాడు. ఎట్టా తీస్తావయ్యా అంది ముసలావిడ. కింద నించి తీస్తా, సుత్తి ముట్టను అన్నాడు. గోతాం పరుచుకుని, ఎల్లకిలా పడుకుని కారు కింద దూరాడు. తుప్పు పట్టిన బోల్టులు, ఏళ్ల నాటివి. ఒక్కోదానికీ నూనె పోసి, నానేదాకా ఆగి, నిదానంగా తిప్పుతున్నాడు. కొంచెం అదిరితే పైన కోడి కొక్కొక్కో అంటది. అది అనగానే ఈయన చెయ్యి ఆపేస్తాడు. అది నెమ్మదించినాక మళ్లీ తిప్పుతాడు. మొహం మీద మట్టి పడతంది, చీమలు కుడుతున్నయ్, అయినా కదలడు. రమాతిలకం చాప తెచ్చుకుని కారు పక్కనే కూర్చుందంట. కూర్చుని, కోడికి బెదురు పోవాలని సన్నగా జోలపాట ఎత్తుకుంది. ఎన్నాళ్లకో పాడిందని ఇరుగుపొరుగు గోడ మీద నించి తొంగిచూశారు.

అన్నీ వచ్చినయ్ గాని గేరు రాడ్డు పైనించే ఊడదియ్యాలి. అది కోడి పక్కన గదా. ఆయన తలుపులోంచి చెయ్యి పెట్టాడు. కోడి పొడిచింది. చెయ్యి తియ్యలా. మళ్లీ పొడిచింది. నెత్తురొచ్చింది. భూషణమ్మ అయ్యో అంటే, పొడవనీ అక్కా, దాని ఇల్లు అది కాచుకుంటంది అన్నాడు. అట్టా పొడిపించుకుంటానే ఇప్పదీశాడు. పొద్దు వాలేటప్పటికి గేరుబాక్సు ఆయన గుండెల మీదికి దిగింది. మోసుకుని పాక్కుంటా బయటికొచ్చాడు. కోడి లేవలా. రమాతిలకం ఆయన చేతికి పసుపు అద్ది, పాత గుడ్డ చించి తనే కట్టు కట్టింది.

తర్వాత ఆయన ఇంక వేరే పని పట్టలా. లోపలి పళ్లచక్రాలు మంచివి ఏరి, అరిగినయ్ మార్చి, కోటిలింగం సామానులో బాగున్నవన్నీ అట్టాగే ఉంచి, పై పెట్టె మాత్రం రమాతిలకానిది ఏసి కట్టాడు. కట్టి, నువ్వు రావద్దక్కా, బస్సు కుదుపుల్లో నేనే తెస్తా అని కొత్తరేవు వచ్చాడు. వచ్చి తాటాకు దడి ఎనకాల కారు కింద దూరి తనే బిగించాడు. బిగించి బయటికొచ్చి చేతులు తుడుచుకుంటున్నాడో లేదో, వీరరాఘవులు పరిగెత్తుకుంటా వచ్చాడు, అక్కా, అమ్మాయికి నొప్పులు అంటా.

ఇంకా నడిపి చూడలా! అక్కా, ఒకసారి బీడులో తిప్పి చూద్దాం అన్నాడు నాగుల్‌మీరా. చూసేదేంది, ఎక్కు, దారిలో ఏమన్నా అయితే నువ్వే చూడాలి అని ఆయన్ని ముందు సీట్లో కూలేసింది. శేషకుమారినీ వాళ్లమ్మనీ ఎనక పెట్టుకున్నారు. బయల్దేరింది కారు. కాలవ వంతెన వచ్చింది. భూషణమ్మ రెండో గేరు ఏసి చెయ్యి రాడ్డు మీదే ఉంచింది, అలవాటు గదా, అదిమి పట్టుకుంది. ఆయన మెల్లగా, చెయ్యి తీసెయ్ అక్కా అన్నాడు. తియ్యను అంది. నా మాట మీద తియ్యి అన్నాడు. తీసింది. కారు ఎక్కుతానే ఉంది. పైకంటా ఎక్కి, అవతలికి దిగింది. ఎనకనించి శేషకుమారి, ఏమైందత్తా, ఎందుకు ఏడుస్తన్నావు, నాకేమన్నా అయ్యిద్దా అని భయంగా అడిగిందంట. నీకేం కాదే తల్లీ, దుమ్ము పడింది అంది. ఆడపిల్ల పుట్టింది ఆసుపత్రిలో. ఇద్దరూ నిక్షేపంగా ఉన్నారు.

ఇంకొంచెం ఉంది, కూర్చోండి. ఆసుపత్రి బయట కార్లో నాగుల్‌మీరా దిగకుండా అట్టాగే కూర్చుని ఉన్నాడు. పుట్టింది సాయిబూ, దిగు, టీ తాగుదాం అంటే దిగడు. ఏమయ్యా అంటే అప్పుడు చెప్పాడు. "అక్కా, నా జీవితమంతా ఈ పనే. గోతాల్లో వస్తయ్, గోతాల్లో పోతయ్. నేను చేసింది బండిలో తిరుగుతుంటే అందులో కూర్చున్నది ఇయ్యాలేనక్కా." భూషణమ్మ టీ మానేసి, తాళం తిప్పి, నిజాంపట్నం రోడ్డు పట్టింది. సముద్రం కనపడేదాకా పోనిచ్చింది. దారిపొడుగునా ఆయన కళ్లు మూసుకుని, మూడు, ఇప్పుడు నాలుగు, ఆ, ఇదిగో మళ్లీ మూడు అని చెప్తానే ఉన్నాడంట, పాట విన్నట్టు.

నేననేది ఏందంటే, బాగుకిచ్చిన వస్తువు ఆలస్యమైతే తిట్టండి. తిట్టొద్దని నేననను, నేనూ తిడతా. కానీ వస్తువు చేతికొచ్చినాక ఆ చేసినోణ్ణి ఒక్కసారన్నా ఎక్కించుకుని తిప్పండయ్యా. మన బోరు మోటార్లు బాగుచేసే మెకానిక్కుకి ఈ మాట చెప్తే, నన్ను బోరుబావిలోకి దించుతారా ఏంది పిన్నీ అన్నాడు, ఎదవ.