సుంకమ్మ ఎసురు గుట్ట

బాలక్కని ఒకామె ఉన్నింది. సుంకమ్మ ఇంటికి కొత్తగా వొచ్చిన కోడలు. ఆ ఇంట్లో పొయ్యికి మూడు రాళ్లుంటే ఒగటి పగిలిపొయ్యింది. కట్టెలకని గుట్టకు పొయినప్పుడు బాలక్కకు ఒక రాయి కనపడిందంట. నల్లగా, తళతళా మెరస్తా, చూసేదానికి చిన్నదే గానీ ఎత్తబోతే నడుము పట్టేస్తాదంట. "అబ్బ, ఇది కదలదు మెదలదు, పొయ్యికి ఇదే రాయి" అని నెత్తిన పెట్టుకోని తెచ్చింది. ఏమైందంటే, ఆ పొద్దు సంగటికి ఎసురు పెడితే కుండ ఒరిగి ఎసురంతా బూడిదపాలు. సరే, కొత్త పిల్ల అనుకో. మర్నాడూ అంతే! సుంకమ్మ నోరు మీరు ఇనలేదు గాబట్టి బతికిపొయినారు. "పొయ్యికి నీళ్లు తాపుతాండావేమ్మే! ఇంగొకసారి ఒలికిందనుకో, మూట కట్టుకోని మీ పుట్టింటికి నడువ్" అనేసింది. పుట్టింట్లో బాలక్కకు సవితితల్లి. ఆడికి మళ్లీ పోవాలంటే ఆ పిల్లకు ప్రాణం పొయినంత భయం. మొగుడు కదిరయ్యా? నోట్లో సంగటిముద్ద ఉన్నోని మాదిరి మాట్లాడడు. ఆ యింట్లో రెండు దినాలుగా సంగటే లేదు, అయినా మాట్లాడడు!

మూడో దినం బాలక్క గుడ్డ పెట్టి కుండను రెండు చేతులా పట్టుకోని కూచ్చున్నింది. "అత్తా, నేను కదిలీలేదు, రాయే కుంగిపోతాంది!" అని అరిచిందంట. "రాయి కుంగుతాదంట, ఇనండమ్మా!" అని సుంకమ్మ ఈదినంతా పిలిచింది. "లెయ్యి పక్కకి. నేను పెడతా ఎసురు. నా చేతిలో ఒలికితే నేనే పోతా మా పుట్టింటికి!" కోపంలో కట్టెల మీద కట్టెలు తోసి, ఊదింది ఊదింది ఊదింది. ఎసురు కళపెళా మరిగింది. సుంకమ్మ అందరి మొకాలూ చూసి నవ్వింది. నవ్విందో లేదో, ముసలావు పండుకున్నట్టు కుండ మెల్లంగ ఒరిగి దభీమని పడె! ఆ యమ్మ ఎగిరిన ఎగురుడు చూసి ఈదినంతా పడీ పడీ నవ్వుతాంటే, బూడిదలోంచి తెల్లగా మెరస్తా ఒక కాలవ పారింది. "ఎండి! ఎండిరా నాయనా!" అని సుంకమ్మ జనాన్నంతా వాకిట్లోకి తోసి తలుపేసి, కోడల్ని కావిలిచ్చుకుంది. "నా తల్లి! నా లచ్చుమి!" అంట. కంసాలి చెన్నాచారిని పిలిస్తే, ఆయన అది చల్లారినాంక గోటితో గీకి, గోడకు రుద్ది, నల్లగీత చూపించి, "సీసం, సుంకమ్మా" అన్నాడంట. సుంకమ్మ చేతులు కోడలి మెడ మీంచి జారిపొయినాయి. అప్పుడు బాలక్క మెల్లంగ, "అత్తా, మూట నేను కట్టేదా, నువ్వే కట్టుకుంటావా?" అనింది. అబ్బో! పెండ్లయినాంక మొదటిసారి కదిరయ్య నోరు తెరిచినాడంట, నవ్వేదానికి. సుంకమ్మ బూడిద దులుపుకోని, "మా పుట్టింట్లో మా వదిన ఉండాది. దానికంటే నువ్వే మేలు లేమ్మే. ఇంగో రాయి తే, ఆకలైతాంది" అనింది.

గుట్ట రాయిలో సీసముండాదనే మాట పాలెగాని చెవిన పడింది. తుపాకిగుండ్లకు సీసం కావల్ల గదా! మనుషులొచ్చిరి, గుట్టను తొవ్విరి, కొలుములు పెట్టిరి. మా తాత దాకా అందరూ ఆ గనిలో దిగినోళ్లే. ఆ మీదట నీళ్లూరి గని మునిగిపాయె, ఇప్పుడు మేకలు గూడా ఆ నీళ్లు ముట్టవు. ఆ పాలెగాని పేరు మా ఊర్లో ఒక్కరికీ తెలీదు. గుట్ట పేరు మాత్రం ఈ పొద్దుకీ సుంకమ్మ ఎసురు గుట్టే. రెండుసార్లు ఒలకబోసింది కోడలు, పేరేమో అత్తకు! నేను ఈ కథ మా అత్త ముందర చెప్పిన దినం నుంచీ ఆ యమ్మ నా పొయ్యికాడికి రాలేదు. మంచి కథమ్మా ఇది, కోడండ్లందరూ నేర్చుకోండి.