ఖాళీ చేయకుండా తీసేసిన డిస్కు

హలో… ఆ, నేనేనండీ. ఆఫీసులోనే ఉన్నా, చెప్పండి.

…కంగారు పడకుండా చెప్పండి. మన ఫొటో స్టూడియో సిస్టమ్‌లో కొత్త హార్డ్ డిస్కు పెట్టారు. మంచిదేగా! పాతది ఇరుకైపోయిందని ఎన్నాళ్ళనుంచో గోల పెడుతున్నారు—

నన్నో మాట అడగొచ్చుగా… సరే, సరే, అనను.

ఆ. లాజికల్ వాల్యూమ్‌లో చేర్చారు, అంటే పాతదీ కొత్తదీ కలిపి ఒకే డిస్కులా చేశారు. జాగా పెరిగినట్టు చూపించింది. మరి ఈ కంగారెందుకు?

…తీసేశారా? పాతదాన్ని?

ముందు పీవీమూవ్ కొట్టారా? … అదేనండీ, పాతదాంట్లో ఉన్నదంతా కొత్తదాంట్లోకి జరిపేది. … అదే జరిగిపోతుందని ఎవరు చెప్పారు మీకు! కొత్త గది కట్టిస్తే పాత గదిలో సామాను దానంతటదే నడిచొస్తుందా?

ఆగండి, కొంపేం మునగలేదు. పాతది మళ్ళీ బిగించండి, లైనక్స్ గుర్తుపట్టేస్తుంది. …

ఏంటి? … ఫార్మాట్ చేశారా?

చేసి… నిన్నటి షూటింగంతా దాన్లో వేశారు. ఎంతవరకు? … నిండా.

అయ్యో! ఎంత పని చేశారండీ!

…లేదు, ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు. పైన కొత్తది రాసేశాక అడుగున ఇంకేం మిగులుతుంది? ఇంకో కాపీ ఉందా ఎక్కడైనా? … కొత్త డిస్కొచ్చాక తీద్దామనుకున్నారు. బాగుంది.

ఊరుకోండి, తల బాదుకుంటే ఆ ఫొటోలు వస్తాయా.

…ముందు గదిలో ఎవరు? … పోయిన నెల భర్త పోయారన్నారే, ఆవిడా? ఆయన ఫొటోల కోసమేనా… మీరు తీసినవి తప్ప ఇంకేం లేవా వాళ్ళకి?

ఆవిడకేం చెప్పారు? … సిస్టమ్ రిపేరనా! తప్పండీ. ఆశ పెట్టి ఆవిణ్ణి తిప్పుకుంటారా? వెళ్ళి ఉన్నమాట చెప్పండి.

…మీవల్ల కాదా. సరే, ఫోన్ ఆవిడకివ్వండి. ఇవ్వండి, నేను చెప్తా.

…

అమ్మా, నమస్కారం. నేను ఈయన భార్యనమ్మా. … ఆ, కంప్యూటర్ పనే నాది. … అమ్మా, మీవారి ఫొటోలు… పోయాయి. మా చేతులారా మేమే చెరిపేశాం.

…ఒక్కటి కూడా లేదమ్మా.

…రేపా? రేపొచ్చినా ఉండవమ్మా.

…ఎల్లుండి… కాదమ్మా, తీరిక లేక కాదు. మీరెప్పుడొచ్చినా—

అమ్మా? … ఫోన్ పెట్టేయకండమ్మా… అమ్మా?