ఎదురింటి కర్టెన్లు

గ్రోనింగెన్ నగరంలోని ఆస్పత్రిలో తుంటి విరిగి పడుకున్న ఫ్రౌకెను చూడడానికి ఎదురింటి హార్మ్ వచ్చాడు. ఇద్దరూ ఒంటరివాళ్లే. ఒకరి ఇంట్లో పొద్దున్నే కర్టెన్లు తెరుచుకోకపోతే రెండోవారు వెళ్లి తలుపు కొట్టాలని వాళ్ల మధ్య ఏళ్లనాటి మాట. అతను కూర్చోవడానికి వీలుగా ఆమె దుప్పటి అంచు పక్కకు లాక్కుంది.

"రెండు రోజులు మెట్ల కింద పడున్నాను. నువ్వసలు చూశావా?"

"చూశాను. పొద్దున కర్టెన్లు తెరుచుకున్నాయి, సాయంత్రం దీపం వెలిగింది. నువ్వేననుకున్నా."

"నేను కాదు, ఇంట్లో పెట్టించిన ఆ ఏఐ ఏజెంట్లు. నేను కదలకపోయేసరికి, ఊరెళ్లాననుకుని హీటర్ చూసుకునేది వేడి తగ్గించేసింది. మిగతావాటికీ ఆ మాటే చేరవేసింది. ఇక దొంగలు రాకుండా మనిషి ఉన్నట్టు నటించడం కర్టెన్లూ దీపాలూ చూసేవాటి వంతు."

"దొంగల సంగతేమో గానీ, నేను మోసపోయాను."

"ఎంత ఐకమత్యమో చూడు. పెళ్లయ్యాక మా ఆయనా నేనూ ఒక్కనాడూ అలా కలిసి పనిచెయ్యలేదు."

"చెత్తబండి వచ్చే రోజు కూడా నీ చెత్తడబ్బా వీధిలోకి రాలేదని అనుమానమొచ్చి వచ్చాను, ఫ్రౌకె."

"దాన్ని తోసుకొచ్చే ఏజెంటు ఇంకా పుట్టలేదు. అదీ నా అదృష్టం."

"తిట్టు, పడతాను. ఇంటికెప్పుడొస్తున్నావు?"

"రావట్లేదు. ఒంటరిగా ఉండొద్దన్నారు. వృద్ధాశ్రమంలో గది చూశారు."

హార్మ్ ఆమె పక్కకు లాక్కున్న దుప్పటి అంచును సరిచేశాడు.

"మరి నా కర్టెన్లు ఎవరు చూస్తారు?"

"నువ్వూ ఆ ఏజెంట్లనే పెట్టించుకో. దొంగల భయమైనా ఉండదు."