మాసయ్య సభ్యత్వ పత్రం, లలితమ్మ గారి దిద్దుబాటు

1991 జూన్ 14న శ్రీమతి లలితమ్మ గారు గద్వాల శాఖా గ్రంథాలయంలో సహాయకురాలిగా విధుల్లో చేరారు. ఉప్పునుంతలలోనూ, ఆపై పెబ్బేరులోనూ పనిచేసి, సంతకు ఎద్దులను తోలుకొచ్చిన రైతులను సైతం కూర్చోబెట్టి పత్రికలు చదివించిన వారు, గ్రంథపాలకురాలిగా తిరిగి గద్వాలకే వచ్చి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

వారి సహనం గురించి తక్కినవారు రాస్తారు. వారు విసిగిపోయిన వారం గురించి రాయడం నా వంతు.

మన ఊరి నేత కుటుంబంలో పుట్టి, తాను పురుషుణ్ణే ప్రేమించానని దాపరికం లేకుండా రాసిన దివంగత కథకులు చెన్నయ్య గారి జీవితాన్ని సినిమాగా తీస్తామని ఈమధ్య దర్శకులు అరుణ్ గారు వచ్చారు. పఠన మందిరంలో చిత్రీకరణకు లలితమ్మ గారి సంతకం కావాలి. వారు కథాప్రతి మొత్తం చదివారు. చెన్నయ్య గారితో ఇరవై రెండేళ్లు ఒకే ఇంట్లో బతికిన వడ్డేపల్లి కూలీ మాసయ్య గారు అందులో వంటవాడు. ప్రేమికుడేమో పట్నం నుంచి వచ్చిన, తెల్లగా నాజూగ్గా ఉండే ఒక కల్పిత చిత్రకారుడు.

“ఏంది సార్ ఇది?”

“ఇలాంటి ప్రేమను తెరమీద ఎవరు చూపిస్తున్నారు మేడమ్? వైవిధ్యం కోసమే కదా ఈ సినిమా!”

“కూలోడు ప్రేమిస్తే మాత్రం చూపియ్యరు. గంతేనా?”

రోజూ పేపరు చదవడానికి వచ్చే మాసయ్య గారు తలెత్తారు. “నేను వంటోణ్ణా? అన్నం ఉడికిచ్చుడు గూడ నాకు తెల్వదు. కూలికి పోయొచ్చేసరికి రొట్టెలు చేసి పెట్టేది ఆయనే. ఈ సారుకు జర చెప్పమ్మా!”

అరుణ్ గారు నొచ్చుకుని, ఆధారం లేకుండా రాయలేదంటూ, మన గ్రంథాలయ పాత దస్త్రాల్లోంచి తీసుకున్న ఒక నకలు చూపారు. అది 1994 నాటి మాసయ్య గారి సభ్యత్వ దరఖాస్తు. జామీను ఇచ్చినది చెన్నయ్య గారు. ‘జామీనుదారుతో సంబంధం’ అన్న గడిలో ‘ఇంటి మనిషి’ అన్న మాట కొట్టివేసి, ‘పనివాడు’ అని రాసి ఉంది. ఆ దస్తూరి లలితమ్మ గారిది.

వారు ఆ నకలు తీసుకెళ్లి మాసయ్య గారి ముందు పెట్టారు. “గట్ల రాస్తే పైవాళ్లు ఒప్పుకోరని నేనే కొట్టేసిన మాసయ్యన్నా. నువ్వన్న అప్పుడే కొట్లాడొద్దా?”

“ఆయన కొట్లాటకే లేసిండు. నేనే చెయ్యి పట్టి బయటికి గుంజుకపోయిన. నీది కొత్త నౌకరి గదమ్మా.”

మూడు రోజులు వారు అందరి మీదా విసుక్కున్నారు, అందరికన్నా ఎక్కువగా తమ మీదే. నాలుగో రోజు అసలు దరఖాస్తు తీయించి, తమ మాటను కొట్టివేసి, ‘ఇంటి మనిషి’ అని తిరిగి రాసి, తేదీ వేసి ముద్ర కొట్టారు. పెళ్లయి నలభై రోజులైన నేను ఈమధ్యే ఒక దరఖాస్తులో అలాంటి గడిలోనే ‘భార్య’ అని రాసి రోజంతా మురిసిపోయినదాన్ని. ఆ ముద్ర చప్పుడుకు నా కళ్లు చెమర్చాయి.

“నా తప్పు నేను దిద్దుకున్న. మీది మీరు దిద్దుకోండ్రి సార్. అప్పుడు సంతకం.”

అరుణ్ గారు పది రోజులకు కొత్త కథాప్రతితో వచ్చారు. చిత్రకారుడు లేడు, మాసయ్య పాత్రకు వనపర్తి కూలీ కుటుంబంలో పుట్టిన నటుడు అనిల్ ఎంపికయ్యాడు. లలితమ్మ గారు సంతకం చేశారు. చిత్రీకరణలో చెన్నయ్య పాత్రధారి రొట్టె చేస్తుంటే మాసయ్య గారు ఊరుకోలేదు: “గట్ల కొడితే రొట్టె అయితదా? ఆయన చెయ్యి మెల్లగ ఆడేది.”

సినిమా మొదటి ఆటకు మాసయ్య గారి పక్కన కూర్చుంటానని లలితమ్మ గారు మాటిచ్చారు. వారిద్దరికీ ఆ ఒక్క ఆటే కాక, ఇంకెన్నో ఆటలు తీరిగ్గా చూసే చూపు, ఓపిక, ఆయుష్షు కలగాలని గ్రంథాలయ సిబ్బంది అందరి తరఫున మనసారా కోరుకుంటున్నాను.