ఏడు కిలోల ఊపిరి

టైలరమ్మ కుట్టుమిషను తొక్కుతూనే ఉంది గాని, చెవులు మాత్రం వెనక గదిలో ఉన్నాయి. అక్కడ ఆమె అక్క మంచం పక్కన ఆక్సిజన్ మిషను బుస్సు బుస్సుమని నడుస్తోంది. గాలిలోంచి ఆక్సిజన్ తీసి సన్నటి గొట్టం గుండా ముక్కుకు అందించే మిషను అది. ఆ చప్పుడు కాస్త ఆలస్యమైనట్టనిపిస్తే చాలు, చెల్లెలి కాలు ఉన్నచోటే ఆగిపోతుంది.

ఎల్లుండి ఇద్దరూ విమానమెక్కాలి. అక్క ఊపిరితిత్తులకు ఆపరేషను చేస్తానన్న డాక్టరు ఉండేది చాలా దూరం. రైల్లో వెళ్దామంటే అంతసేపు బ్యాటరీలు రావు. టికెట్టు మీదేమో మనిషికి చేతిసంచి ఒక్కటే, ఏడు కిలోలు మించకూడదని ఉంది. మిషనూ, విడి బ్యాటరీలూ, మందులూ ఒక్క సంచిలో సర్ది తూచేసరికి ముల్లు ఏడు దాటి పోయింది. మిషన్ని కింద సామాన్లలో వేసెయ్యమంటే అక్క గతేం కాను? అడగడానికి టికెట్టు మీదే ఫోన్ నంబరుంది. ఆమె ఆ నంబరు నొక్కడం, అవతల మోగకముందే పెట్టెయ్యడం, ఎన్నిసార్లో. అడిగితే కుదరదంటారేమో. అడగనంతసేపూ కుదురుతుందన్న ఆశైనా మిగులుతుంది.

కొట్టు ముందు బల్ల మీద లిఫ్టు బాబాయి చేరాడు. పెద్దాసుపత్రిలో లిఫ్టు నడిపి రిటైరైన మనిషి. ఉద్యోగం వదిలింది గాని పేరు వదల్లేదు. పక్కనే టీ కొట్టు నడిపే, వీధంతా వదినా అని పిలిచే ఆవిడ గ్లాసు అందిస్తూ, టైలరమ్మకి అన్నం సయించడం లేదనీ, విమానంలో మిషను రానిస్తారో లేదోనని ఒకటే బెంగనీ చెప్పింది.

"ఇంతోటి దానికా? మా అత్తగారిని నేను విమానంలో తీసుకెళ్ళలేదూ, అచ్చం ఇలాంటి మిషనుతోనే, కౌంటర్లో కుర్రాడు తూచి, బరువెక్కువుంది బాబాయిగారూ అన్నాడు, నేను రెండు ముక్కలు మాట్లాడాను, సరే వెళ్ళండన్నాడు, అంతే."

టైలరమ్మ కాలు ఆగింది. ఆ రెండు ముక్కలేమిటో చెప్పమని అడిగింది.

"ముక్కలు కాదమ్మాయ్, ముఖ్యం చూపు. నేను అలా చూస్తూ ఊపిరి బిగబట్టేసరికి తక్కెడ ముల్లు దానంతటదే వెనక్కి తిరిగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ కుర్రాడు పరుగెత్తుకెళ్ళి వాళ్ళ మేనేజరుని పిలిస్తే, మేనేజరు వాళ్ళ పైవాణ్ణి పిలిస్తే, ఆ పైవాడు పైలట్‌ని పిలిస్తే, ఆయన వచ్చి నాకు దణ్ణం పెట్టి, మిషను తన భుజం మీద పెట్టుకుని మెట్లెక్కాడు."

వదిన చీరకొంగు నోటికడ్డం పెట్టుకుంది. బాబాయి కోతలు టైలరమ్మకి కొత్త కాదు. అయినా మునిగిపోయేవాళ్ళకి గడ్డిపోచ కూడా కొమ్మలాగే కనిపిస్తుంది. ఈ కోతల్లో ఎక్కడో ఒక్క నిజం ఉండకపోదని ఆమె చెవి ఒగ్గింది. విడి బ్యాటరీలు చేతిసంచిలో పెట్టారా, కింద సామాన్లలో వేశారా అని అడిగింది.

"బ్యాటరీలా," అని బాబాయి ఒక గుక్క టీ తాగాడు. "మాకు వాటి అవసరమే రాలేదు."

అంతలో వెనక గదిలోంచి కీచుమని మోత. టైలరమ్మ చేతిలో గుడ్డ జారింది. గదిలోకి ఎలా వెళ్ళిందో ఆమెకే తెలీదు. గొట్టం దిండు కింద మడతపడి నలిగింది, అంతే. సరిచేశాక మోత ఆగింది. ఇంట్లోనే ఇలా ఉంటే ఆకాశంలో ఎలాగ? బాబాయి మాటలు తనూ వింటానని అక్క సైగ చేస్తే, కుర్చీనీ మిషన్నీ జరిపి ఆమెను గుమ్మంలో కూర్చోబెట్టింది.

వినేవాళ్ళు ఒకరు పెరిగేసరికి బాబాయికి ఊపొచ్చింది.

"మబ్బులు దాటాక విమానంలో గాలి పల్చబడిపోయిందమ్మా, జనం ఒక్కొక్కరే తలలు వాల్చేస్తున్నారు, నేను లేచి మా గొట్టాన్ని వరసలో మనిషికో గుక్క చొప్పున అందించుకుంటూ పోయాను, చంటిపిల్లలకి రెండేసి గుక్కలు, పైలట్‌కి మూడు, ఎందుకంటే ఆయన నడపాలి కదా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంజనుకే ఊపిరాడక ఆగిపోయింది. విమానం రాయిలా కిందికి జారుతోంది. నేను కిటికీ తీసి..."

"విమానంలో కిటికీ తీశావా?" అంది వదిన.

"కొంచెమే తీశాను. తీసి, చెయ్యి బయటికి చాపి, గొట్టం ఇంజన్లో దోపాను. దగ్గింది, తుమ్మింది, గిర్రున తిరిగింది. దిగేదాకా ఆ విమానాన్ని నడిపింది మా మిషనే."

గుమ్మంలో అక్క చెయ్యెత్తింది. ఆమెకి మాట ఖరీదైన వస్తువు. ప్రతి ముక్కకీ ఊపిరి కూడబెట్టుకోవాలి. అందరూ ఆగారు.

"బాబాయ్," అంది. "గొట్టం ఇంజన్లో పెట్టావు, బాగుంది. మరి అంతసేపూ... మీ అత్తగారు... దేంతో ఊపిరి పీల్చుకుంది?"

బాబాయి నోరు తెరిచాడు. గొట్టం చేతులు మారిన దారంతా మనసులో వెనక్కి నడిచి చూసుకున్నట్టున్నాడు. అత్తగారు ఎక్కడా తగల్లేదు. ఖాళీ టీ గ్లాసు ఎత్తి తాగబోయాడు. వదిన నవ్వాపుకోలేక బల్ల పట్టుకుంది.

టైలరమ్మ మాత్రం నవ్వలేదు. ఇన్నాళ్ళూ తను బరువు గురించీ సంచి గురించీ భయపడింది. అసలు అడగాల్సింది అక్క అడిగిందే: దారంతా ఊపిరి దేంతో? ఆమె ఫోను తీసి ఆ నంబరు నొక్కింది. ఈసారి పెట్టెయ్యలేదు.

చాలాసేపు సంగీతం వినిపించాక ఒకమ్మాయి పలికింది. టైలరమ్మ అంతా చెప్పింది. ఆ అమ్మాయి మిషను మోడలేమిటో, బ్యాటరీ ఎంతసేపు వస్తుందో అడిగి రాసుకుంది. వైద్యానికి వాడే మిషను చేతిసంచి లెక్కలోకి రాదంది, దాని బరువు వేరంది. విడి బ్యాటరీలు కింద సామాన్లలో అసలు వెయ్యకూడదు, విడివిడిగా చుట్టి చేతిలోనే ఉంచుకోమంది. డాక్టరు రాసిచ్చిన కాగితం ఇవాళే పంపమంది.

"ఇప్పుడు చేశారు కాబట్టి సరిపోయిందండీ," అంది చివర్లో. "రెండు రోజుల ముందుగా మాకు చెప్పకుండా నేరుగా వచ్చుంటే ఎక్కనిచ్చేవాళ్ళం కాదు."

ఫోను పెట్టేశాక టైలరమ్మ చెప్పులు వేసుకుంది. ఇంకొక్క పూట భయపడుతూ కూర్చునుంటే ఆ గడువు దాటిపోయేది. బాబాయి లేచి, డాక్టరు దగ్గరికి తోడొస్తానన్నాడు.

అనుకున్న రోజున ఎయిర్‌పోర్టులో మిషన్ని అటూ ఇటూ తిప్పి, పేలుడుమందు ఆనవాళ్ళేమైనా ఉన్నాయేమోనని గుడ్డతో తుడిచి చూసి, దారి వదిలారు. ఆపింది టైలరమ్మ సొంత సంచిని. అందులోంచి దారాలు తెంపే కత్తెర బయటికొచ్చింది, మొన సూదిలా ఉంది. అలవాటుగా పడేసుకుని మర్చిపోయింది. ఆఫీసరు దాన్ని డబ్బాలో వేసేశాడు.

చెల్లెలి మొహం చూసి అక్కకి నవ్వాగలేదు. గొట్టం సర్దుకుని, ఊపిరి కూడబెట్టుకుని, చెవిలో చెప్పింది.

"ఇది బాబాయికి చెప్పకు. నీ చేత... విమానం రెక్క కుట్టించేస్తాడు."